గుడ్డు దీపం

"మంచం కిందకి ఈ చెంబు ఎలగొచ్చింది?"

సన్యాసమ్మ ఆ మాట అడగడం ఇది మూడోసారి. చెంబు ఆవిడ కుడిచేతిలోనే ఉంది. అడుగున ఇంకా రెండు గుక్కల నీళ్లున్నాయి. అవి ఒలక్కుండా జాగ్రత్తగా పట్టుకుంది, పంచాయతీలో చూపించాల్సిన సాక్ష్యంలాగ. ఎడమచెయ్యి ఎప్పటిలాగే నడుం కింద, చీర కుచ్చిళ్ల మీద అదిమి ఉంది.

మంచం మీద దాలయ్య గోడవైపు తిరిగి పడుకున్నాడు. హెర్నియాకి ఆపరేషన్ అయి పద్నాలుగు రోజులు. కుట్లు విప్పి ఇంటికి పంపి ఆరు రోజులు. కోత ఆరింది, జ్వరం లేదు, గండం గడిచిందని అందరూ అనుకున్నాక, ఈ ఉదయం ఒళ్లు తుడుచుకోబోయి తువ్వాలు జారవిడిచాడు. కోతకి దిగువన, వృషణాల సంచిలో, మళ్లీ వాపు. బాతుగుడ్డంత ఉంది. ఇన్నేళ్లూ పేగు జారి ఎక్కడ కూర్చునేదో సరిగ్గా అక్కడే.

"నానే ఎట్టినాను అత్తా," అంది వరహాలమ్మ.

"ఏటెట్టినావు?"

"నీళ్లు."

"ఎన్నాళ్ల నుంచి?"

"ఆసుపత్రి నుంచి వొచ్చిన మర్నాటి నుంచి."

సన్యాసమ్మ చెంబులోకి ఓసారి చూసుకుంది. ఆవిడ అరుస్తున్నంతసేపూ వరహాలమ్మకి భయం ఉండదు. ఇలా ఊరుకుంటేనే.

కోత పడిన ఒంటికి పప్పు తగిలితే చీము పడుతుంది, నీళ్లు ఎక్కువైతే పుండు నీరు పడుతుంది. సన్యాసమ్మకి ఈ రెండూ వాళ్లమ్మ చెప్పింది, ఆవిడకి వాళ్లమ్మ. బాలింతకైనా, కాలు తెగినవాడికైనా పొద్దున అరగ్లాసు, సాయంత్రం అరగ్లాసు. అదీ మరగకాచి చల్లార్చినది. కొడుక్కీ అదే లెక్క నడిపింది. ఇంటికొచ్చిన రోజునే, కడిగి బోర్లించిన గ్లాసు అంచు దాలయ్య నాలుకతో తడుముకోవడం వరహాలమ్మ కంటపడింది. ఆ మర్నాటి నుంచి పూర్ణా మార్కెట్‌కి గుడ్లబుట్ట ఎత్తుకునే ముందు ఓ చెంబు మంచం కిందకి తోసి వెళ్తోంది. భర్తకి నీళ్లివ్వడం కూడా దొంగతనంలా చెయ్యాల్సి వచ్చింది.

"పత్తిం ఉంచమంటే నీళ్లు పోసి పెంచినావా," అంది సన్యాసమ్మ చివరికి, నెమ్మదిగా. "ఇప్పుడు సూడు, పోసినియ్యన్నీ ఎక్కడికి దిగినాయో."

"నాలిక పిడసకట్టుకుపోతే ఎలగూరుకునీదత్తా?"

"పిడసకట్టుకుంటే నాలికే కట్టుకుంటాది. ఇది సూడు."

"అది నీరేనని నీకెలగ తెల్సు? పేగే మళ్లీ జారిందేమో."

"పేగయితే పడుకుంటే లోపలికెల్లిపోద్ది," అంది సన్యాసమ్మ. "దగ్గితే తన్నుకొస్తాది. పొద్దున్నుంచీ పడుకునే ఉన్నాడు గదా, ఎల్లిందేటి? ఎల్లనేదు. దగ్గమన్నాను, దగ్గినాడు. కదిలిందేటి? కదల్నేదు. అది నీరే."

చూసి వచ్చిన ఊరి గురించి చెప్పినట్టు చెప్పింది. వరహాలమ్మ ఆవిడ ముఖంలోకి చూసింది. చదువు లేదు, వైద్యం తెలిసిన ఇల్లు కాదు. ఆసుపత్రిలో పెద్ద డాక్టరు కుర్ర డాక్టర్లకి చెప్పిన మాటలే ఈవిడ నోట ఎలా వచ్చాయి? ఆ ఆశ్చర్యాన్ని పట్టుకుని కూర్చునే వ్యవధి ఇవ్వలేదు సన్యాసమ్మ.

"ఆనందపురం గవర్రాజుకి కబురెట్టినాను. పన్నెండు గంటల బస్సుకి దిగుతాడు."

గవర్రాజు పేరు తెలియనివాళ్లు ఆ చుట్టుపక్కల లేరు. బోదకాళ్లూ, వరిబీజం దిగిన బుడ్డలూ ఇంటికొకటి ఉన్న సముద్రపు ఒడ్డు అది. బుడ్డలో నీరు సూదీ గొట్టంతో తీసేసి, సాయంత్రానికి మనిషిని నడిపిస్తాడని పేరు.

"అత్తా, కొత్త కోత పక్కన సూదేటి? ఆసుపత్రికి ఎల్దాం."

"రానీ అమ్మా," అన్నాడు దాలయ్య గోడవైపు నుంచే. ఆ పొద్దుటికి అతను మాట్లాడిన మొదటి మాట అది. "గవర్రాజుని రానీ."

"నువ్వు కూడానేటి మావా?"

అతను ఇటు తిరిగాడు. "మంగళవారం పోర్టు డాక్టరు సూత్తాడు. మళ్లీ వించీ ఎక్కగలనా నేదా అని ఆడు రాసిందే రాత. ఇలగ ఎల్తే ఏటి రాత్తాడు? గేటుకాడ కుర్చీలో కూకోబెడతాడు. నాను పంతొమ్మిదేళ్లు ఓడమీద సరుకులెత్తే వించీ తోలినోడిని, వొచ్చే పోయే సైకిళ్లు సూసుకోమంటావా?"

"సోమవారం మన డాక్టరమ్మ ఉంటాది గదా. రెండ్రోజులు."

"ఆవిడ సూసి మళ్లీ కోత్తానంటాది. గవర్రాజు తీసీసినాడంటే మంగళవారానికి ఏటీ కనబడదు." గొంతు తగ్గించి అన్నాడు, "పైగా ఆడమనిసి. మళ్లీ ఆవిడ ముందు పంచె విప్పాలంటే నావల్ల కాదు."

దానికి సన్యాసమ్మ కూడా తల ఊపింది. చెంబులో మిగిలిన నీళ్లు వాకిట్లో తులసిమొక్కకి పోసి, బస్సు దగ్గరకి బయల్దేరింది.

*

ఇవాళ గుడ్లబుట్ట నెత్తికెక్కలేదు. పొద్దున ఒక అరబుట్ట పక్కింటి కాసులమ్మ చేత మార్కెట్‌కి పంపించి, మిగిలింది అరుగు మీదే ఉంచింది వరహాలమ్మ. ఏమీ తోచక దాని పక్కన చతికిలబడింది. చేతులు ఊరుకోవు. డబ్బాదీపం ముందుకి లాక్కుంది.

ఆ దీపం పెళ్లయిన ఏడాది దాలయ్యే చేసిచ్చాడు. చిన్న కిరసనాయిలు బుడ్డి, దాని మీద బోర్లించిన పాలడబ్బా, డబ్బా పక్కన అర్ధరూపాయంత కన్నం. కన్నానికి గుడ్డు ఆనిస్తే లోపలున్నది కనిపిస్తుంది. మంచి గుడ్డు ఎర్రగా, తేటగా వెలుగుతుంది. పొదుగు పడ్డది దారాలు దారాలుగా ఉంటుంది. మురిగింది నల్లగా, నోరు మూసుకున్న మనిషిలా ఉంటుంది. పెంకు పగలకుండా లోపల ఏముందో తెలుసుకోవడమే ఇరవై ఏళ్లుగా ఆమె బతుకుతెరువు.

బుట్టలోంచి బాతుగుడ్డు ఒకటి తీసి కన్నానికి ఆనించింది. వెలిగింది. తీసేసింది. మళ్లీ ఆనించింది.

తర్వాత చాలాసేపు ఆ గుడ్డుని చూస్తూ ఉండిపోయింది.

లోపలికి వచ్చేసరికి దాలయ్య కళ్లు మూసుకుని ఉన్నాడు. ఆమె కిటికీకి దుప్పటి కట్టింది. తలుపు మూసి, దాని కింద సందులో పాత చీర కుక్కింది. మిట్టమధ్యాహ్నం గది కాస్తా చీకటి కొట్టయింది.

"ఏటి సేత్తన్నావే?"

"నీ బేటరీ లైటు ఎక్కడ?" ఓడ అడుగు గదుల్లోకి దిగేటప్పుడు అతను పట్టుకెళ్లే టార్చి అది.

"ఎందుకు?"

"సూత్తాను."

"ఏటి సూత్తావు? నానేటి గుడ్డునా?"

"కదలకుండా ఉండు. గుడ్లు నీకన్నా నయం, మాటాడవు."

అతను సిగ్గుతో గొణిగాడు, తిట్టాడు, చివరికి చెయ్యి కళ్లమీద వేసుకుని ఊరుకున్నాడు. వరహాలమ్మ టార్చి అద్దాన్ని వాపుకి వెనకవైపు నుంచి మెల్లగా ఆనించి, మీట నొక్కింది.

ఆమె చేతిలో అది వెలిగింది.

ఎర్రగా, తేటగా, లోపల దీపం పెట్టినట్టు మొత్తం వెలిగింది. ఒక మూల మాత్రం చిన్న నీడ, సొన నీడలాగ. పేగు లేదు. మడతా లేదు, నలుపూ లేదు. టార్చిని అటు జరిపింది, ఇటు జరిపింది. ఎటు నుంచి చూసినా అదే తేటదనం. భయం సంగతే మర్చిపోయింది.

"ఏటే? ఏటి కనబడతాంది?"

"ఎలుగుతాంది మావా."

"ఏదీ, నన్నూ సూడనీ." కళ్లమీంచి చెయ్యి తీసి, మోచేతిమీద లేచాడు. "అబ్బో. ఇదేటిది, ఎర్రలైటు."

ఇద్దరూ తలలు ఆనించుకుని చూశారు. పెళ్లయిన కొత్తల్లో కూడా వాళ్లు ఒక వస్తువుని ఇంతసేపు కలిసి చూసింది లేదు.

అప్పుడు వరహాలమ్మకి తట్టింది. వెలిగిందంటే నీరు. నీరంటే, అత్త చెప్పిందే నిజం. టార్చి ఆపేసింది.

"మరేటయింది?"

"నాను పోసిన నీళ్లే మావా అవి."

చీకట్లో ఆమె ముఖం అతనికి కనిపించలేదు. గొంతు మాత్రం వినిపించింది. తడుముకుని ఆమె మణికట్టు పట్టుకుని అన్నాడు: "నువ్వు పోసినియ్యి నా గొంతులోంచే దిగినాయి. దిగినప్పుడు నాకు తెల్సింది, ఎంత సల్లగా ఉన్నాయో. అందులో ఒక్క సుక్క కూడా దారి తప్పనేదు."

వైద్యం కాదు, సాక్ష్యం కాదు, ఉత్త మాట. అయినా ఆమె దాన్ని కొంగున ముడేసుకుంది.

తలుపు తెరుచుకుంది. గడప దగ్గరి చీరని కాలితో నెట్టి సన్యాసమ్మ లోపలికొచ్చింది. వెనకాల తెల్లటి ధోవతి, చేతిలో రేకుపెట్టె. గవర్రాజు.

*

అతను మోటు మనిషి కాదు. చెప్పులు వీధిలోనే విడిచాడు. చేతులు కడుక్కోవడానికి నీళ్లడిగాడు. పెట్టె తెరిచి తెల్లగుడ్డ పరిచి, దాని మీద సూది పెట్టాడు. అల్లిక సూదంత పొడవుంది.

"పేగు కాదని రూఢి కావాల పిన్నీ," అన్నాడు సన్యాసమ్మతో. "అదొక్కటే నాకు భయం."

"పేగు కాదు. నాను సెప్తన్నాను గదా."

"ఎలుగుతాంది," అన్నాడు దాలయ్య. "మాయావిడ లైటెట్టి సూసింది. తేటగా ఎలుగుతాంది."

గవర్రాజు వరహాలమ్మ వైపు మెచ్చుకోలుగా చూశాడు. "అయితే మరీ మంచిది. నీరే. నిమిసం పని."

తను తెలుసుకున్న నిజమే సూదికి దారి చూపించింది. వరహాలమ్మ లేచి మంచానికీ పెట్టెకీ మధ్య నిలబడింది.

"గవర్రాజన్నా, సిల్లు పడ్డ గుడ్డు ఎన్నాళ్లుంటాది?"

"ఏటి?"

"సూది మొనంత సిల్లు. పైకి కనబడదు. ఎన్నాళ్లుంటాది?"

"నాకేటి తెల్సు తల్లీ, నాను గుడ్లమ్మనుగదా."

"నానమ్ముతాను. రెండ్రోజులు. మూడోరోజుకి నల్లగైపోద్ది. లోపల సొన ఎంత మంచిదైనా సరే. సిల్లులోంచి ఏటెల్తాదో నాకు తెల్దు. ఎల్తాది. అంతే. మూసున్నంతకాలం దానికేటీ కాదు."

"మొగుణ్ణీ గుడ్డునీ ఒకటి సేసింది," అంది సన్యాసమ్మ.

"తప్పుకోవే," అన్నాడు దాలయ్య. "మంగళవారం నీ గుడ్లు ఎల్తాయేటి పోర్టు డాక్టరు కాడికి?"

"సోమవారం దాకా ఆగు. డాక్టరమ్మ కూడా సూదే అంటే, నానే పట్టుకుంటాను లైటు. గవర్రాజన్న సేతే తీయిద్దాం."

గవర్రాజు ఇద్దర్నీ చూశాడు. తర్వాత అతని చూపు దాలయ్య గజ్జ దగ్గరున్న గులాబీరంగు గీతమీద ఆగింది. వంగి దగ్గరగా చూశాడు.

"ఇది కోతగాటు. ఎప్పటిది?"

"పద్నాలుగు రోజులు," అంది వరహాలమ్మ.

గవర్రాజు సూదిని గుడ్డలో చుట్టాడు. పెట్టెలో పెట్టి మూత వేశాడు. "బుడ్డనీరని కబురొచ్చింది పిన్నీ, ఆపరేసన్ అయిందని ఎవరూ సెప్పనేదు. పాత బుడ్డయితే నా పని. కొత్త కుట్ల పక్కన నాను సెయ్యెట్టను. ఇద్దరు డాక్టర్లు ఒక పొలం దున్నకూడదు."

సన్యాసమ్మ అతన్ని బతిమాలలేదు. వీధిచివరిదాకా సాగనంపి వచ్చి, వంటింట్లో కూర్చుంది. ఆ సాయంత్రం చెంబు మంచం కిందకి రాలేదు, మంచం పక్కన స్టూలు మీదకి వచ్చింది. వరహాలమ్మ పెట్టింది, అందరి ముందూ. సన్యాసమ్మ చూసింది. తియ్యలేదు.

*

సోమవారం ఆసుపత్రికి తనూ వస్తానంది సన్యాసమ్మ. ఎందుకో చెప్పలేదు. ఆదివారం రాత్రి ఆకలి లేదని పడుకుంది. పొద్దున గంజి ఇస్తే, సోమవారం ఒక్కపొద్దు అంది. రిక్షా ఎక్కడానికి మాత్రం రెండుసార్లు ఆగి, పెదవి కొరుక్కుంది.

డాక్టర్ భ్రమరాంబ గోదావరి జిల్లా మనిషి. దాలయ్య తెర వెనక పంచె ముడి దగ్గర తంటాలు పడుతుంటే, "నాకు మీ మొహం గుర్తులేదండీ, కుట్లు చూస్తే గుర్తుపడతాను. పడుకోండి," అంది. దాలయ్య నవ్వాపుకోలేక పడుకున్నాడు.

ఆవిడ దగ్గమంది. నొక్కి చూసింది. తర్వాత జేబులోంచి చిన్న టార్చి తీసింది.

"ఎర్రగా ఎలుగుతాదమ్మా," అంది వరహాలమ్మ. "కింద మూల సిన్న నీడ ఉంటాది. అంతే."

డాక్టరు టార్చి వెలిగించకుండానే వెనక్కి తిరిగింది. "ఎవరు చెప్పారు మీకు?"

"గుడ్లమ్ముతానమ్మా."

ఆవిడకి అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. తర్వాత టార్చి వరహాలమ్మ చేతికే ఇచ్చింది. "మీరే పట్టండి. మా పిల్లడాక్టర్లకి చూపించాలి మిమ్మల్ని."

చూశాక చెప్పింది. అది పేగు కాదు. ఆపరేషన్ చెడలేదు. పేగు ఏళ్ల తరబడి కాపురమున్న చోటు అది. దాన్ని ఖాళీ చేయించి పైన తలుపు కుట్టేశారు. ఖాళీ ఇంట్లోకి ఒంట్లో ఊరే నీరు చేరింది. చాలామందికి చేరుతుంది. నెలో, రెండు నెలలో, ఆ ఒళ్లే మెల్లగా పీల్చేసుకుంటుంది.

"సూదితో తీసేస్తే?" అన్నాడు దాలయ్య.

"తీస్తే మళ్లీ ఊరుతుంది. సూదితోపాటు చీము లోపలికి వెళ్లిందా, నేను వేసిన కుట్లన్నీ పోతాయి. తగ్గకపోతే అప్పుడు నేను చూసుకుంటాను. జ్వరం వచ్చినా, ఎర్రబడి నొప్పి పెట్టినా ఆగకుండా వచ్చెయ్యండి." పోర్టు డాక్టరుకి చీటీ రాసింది. మూడు నెలలు బరువులొద్దు, తర్వాత వించీ సంగతి మళ్లీ పరీక్షించి తేల్చాలి, అప్పటిదాకా పేరు కొట్టెయ్యవద్దు. ఆయన ఒప్పుకుంటాడో లేదో ఆవిడ చెప్పలేదు. దాలయ్య ఆ చీటీని రెండు చేతులతో అందుకున్నాడు.

వరహాలమ్మ కదల్లేదు. "అమ్మా, ఒక మాట. నీళ్లు తాగినందుకు వొచ్చిందా ఇది?"

"ఏ నీళ్లు?"

"తాగీ నీళ్లు."

"అదేం లేదమ్మా. తాగే నీళ్లకీ దీనికీ సంబంధమే లేదు. తాగకపోతేనే ప్రమాదం. విరేచనం బిగుసుకుని, ముక్కితే కుట్లు తెగుతాయి." డాక్టరు ముఖం గంభీరమైంది. "ఎవరన్నా ఆపారా నీళ్లు?"

సన్యాసమ్మ గోడవారన నిలబడి ఉంది. చూపు నేలమీద. రెండురోజుల కిందట చెంబుని సాక్ష్యంగా పట్టుకున్న మనిషి. వరహాలమ్మ ఒక్కమాట అంటే తగువు ఇక్కడే తీరిపోతుంది.

"ఎవురూ ఆపనేదమ్మా," అంది వరహాలమ్మ. "ఆయనకే నీళ్లు తాగీ అలవాటు తక్కువ."

దాలయ్య తల్లి వైపు ఓసారి చూసి, చీటీ మడతపెట్టాడు.

*

అతను చీటీ మీద ముద్ర వేయించడానికి గుమాస్తా గదికి వెళ్లాడు. వసారాలో జనం పలచబడ్డారు. అత్తాకోడళ్లు బల్లమీద కూర్చున్నారు. సన్యాసమ్మ ఒక పక్కకి ఒరిగి కూర్చుంది.

"ఎందుకు సెప్పనేదు?" అంది.

"ఏటి?"

"ఆపింది నానని."

వరహాలమ్మ ఒళ్లో సంచి సర్దుకుంది. ఎదురుగా ఎవరో ఆయా బకెట్టుతో నేల తుడుస్తూ పోయింది. తడి ఆరేదాకా ఇద్దరూ నేలనే చూశారు.

"ఆ బేటరీ లైటు తెచ్చినావేటి?"

"సంచిలో ఉంది. ఎందుకత్తా?"

సన్యాసమ్మ అటూ ఇటూ చూసింది. కోడలి చెయ్యి పట్టుకుని, తన ఎడమచెయ్యి ఎప్పుడూ అదిమి ఉండే చోట, చీర కుచ్చిళ్ల మీద పెట్టింది. గజ్జలో, గుడ్డకింద, గట్టిగా, కోడిగుడ్డంత.

పేగయితే పడుకుంటే లోపలికెల్లిపోద్ది. దగ్గితే తన్నుకొస్తాది. ఆ మాటలు ఎక్కడినుంచి వచ్చాయో వరహాలమ్మకి ఇప్పుడు తెలిసింది.

"ఎన్నాళ్లయింది?"

"మీ మావగోరు పోయిన ఏడు. కట్టెలమోపు ఎత్తినప్పుడు." గొంతులో సిగ్గు తప్ప భయం లేదు. "పడుకుంటే ఎల్లిపోయీది. ఎల్లిపోయీదానికి ఎవురికి సెప్పాల? నిన్న సాయంకాలం నుంచి ఎల్తం నేదు. నొప్పి పెడతాంది. పొద్దున రెండుసార్లు వాంతయింది. సూడవే, ఇది కూడా ఎలుగుతాదేమో. ఎలిగితే గవర్రాజుకి సెప్తాను."

వరహాలమ్మ సంచిలో చెయ్యి పెట్టింది. టార్చి తగిలింది. బయటికి తియ్యలేదు.

కొన్ని గుడ్లకి దీపం అక్కర్లేదు. అరచేతిలోకి రాగానే తెలిసిపోతుంది.

"ఇది నీరు కాదత్తా, పేగే. డాక్టరమ్మ ఎల్లిపోకముందే నడవగలవా?"

వసారా చివర డాక్టరమ్మ గది తలుపు ఒక రెక్క అప్పటికే మూశారు. రెండో రెక్క వెనక, ఆవిడ చేతులు కడుక్కుంటున్న కుళాయి చప్పుడు ఆగిపోయింది.